సుతాన్ పర్మాతో దవడ యుద్ధం

మేఘాలను తలపాగాగా చుట్టుకొని, అప్పుడప్పుడూ నాసికారంధ్రాల నుంచి ధూమం వదులుతూ, ప్రసన్నుడైతే వరిచేలను కన్నతల్లిలా పోషిస్తూ, కోపిస్తే సవతితల్లిలా బూడిద చల్లే మరాపి పర్వతరాజ పాదసీమలో, ఎద్దుకొమ్ముల్లా రెండు కొసలా గగనాన్ని పొడిచే పైకప్పుల ఇళ్ళ నడుమ, ఉపవాసమాసం ఇంకా నెలన్నర దూరంలో ఉందనగా, ఒకానొక ఆదివారం, మధ్యాహ్నపు ప్రార్థన ముగిసి, అన్నపురాశుల మీద ఆవిరి ఇంకా ఆరని ఆ పుణ్యఘడియలో, కోతో సిలాంగ్ అనే ఊళ్ళో చరిత్రకారులెవరూ రాసుకోని ఒక మహాసంగ్రామం జరిగింది. అందులో గుర్రాలు లేవు, కత్తులు లేవు. ఒక నోరుంది. ఆ నోట్లో ఒక ముక్క ఉంది. ఆ గాథను చెప్పబోయే ముందు నా నాలుకకే నమస్కరిస్తాను. ముప్పైరెండు కత్తుల మధ్య పుట్టి, వాటి మధ్యే కాపురం చేస్తూ, ఒక్క గాటు పడకుండా బతకడం తెలిసినది ఈ లోకంలో అదొక్కటే.

ఇక మన నాయకుడు. అష్టమతరగతి జీవశాస్త్ర బోధనాధురంధరుడు, సుద్దముక్కల సంహారకుడు, హాజరుపట్టీ చక్రవర్తి. కన్నవాళ్ళు పెట్టిన పేరు యుస్మాల్ది. పెళ్ళయిన మగవాణ్ణి అత్తింటివాళ్ళు పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు గనుక, తన వంశం ఇచ్చిన సుతాన్ పర్మాతో అనే బిరుదుతో ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. ఆ సీమలో ఇళ్ళూ పొలాలూ ఆడవాళ్ళవి. ప్రతి మగాడూ ఇల్లరికపు అల్లుడే. అందుకని ఆ మాటలో అక్కడ ఎగతాళి లేదు, జాగ్రత్త మాత్రం ఉంది. అల్లుడంటే మొద్దు మీది బూడిద అంటారు పెద్దవాళ్ళు. ఎవరో ఒకరు ఊఫ్ అంటే చాలు, లేచిపోతుంది. ఏడాదిన్నరగా ఆ మొద్దు మీద మన వీరుడు గాలి పీల్చడానికి కూడా ఆలోచిస్తూ కూర్చున్నాడు.

ఆనాడు అతని నలభైరోజుల కూతురికి నీళ్ళాట పండుగ. పొద్దున్నే పసిబిడ్డను ఏటికి తీసుకెళ్ళి తొలిస్నానం చేయించారు. ఇప్పుడు విందు. విందుకు వచ్చిన అతిథులెవరో కాదు, వీరుడి సొంత అక్క సఫ్నివార్, ఆ సీమ పిలుపులో ఉని, ఆమె వెంట పదిమంది ఆడవాళ్ళు, వాళ్ళందరికీ పెద్దదిక్కుగా వీరుడి మేనమామ దాతుక్. పుట్టింటివాళ్ళు అత్తింటికి అతిథులుగా వచ్చి చాపల మీద ఎదురుగా కూర్చుంటే, మన వీరుడు ఆతిథేయుల వరసలో కూర్చున్నాడు. కూర్చోవడమే కాదు, ఆ రోజు మొదటిసారి ఆ ఇంటి నోరు అతనిదే. తిన్న తరువాత అతిథులు ఊరికే లేచి వెళ్ళకూడదు. వాళ్ళ పెద్ద అలంకారభూయిష్టమైన ఉపన్యాసంతో సెలవు అడగాలి, ఇంటి తరఫు మనిషి అంతే అలంకారంతో సెలవివ్వాలి. ఆ పని ఇన్నాళ్ళూ ఆ ఇంటి పెద్దల్లుడు చేసేవాడు. ఆయన పట్నం బదిలీ అయ్యాక అత్తగారు అస్నిమార్ రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు కాఫీ పెడుతూ, "ఈసారి మాట మీరే అందుకోండి సుతాన్," అంది.

ఆ ఒక్క వాక్యానికి అతను ఏడాదిన్నర ఎదురుచూశాడు. నోరు తడబడితే మళ్ళీ బూడిదే. తడబడకపోతే ఇంటి మనిషి.

అటువంటి నోట్లోకి శత్రువు ప్రవేశించాడు.

వీరగాథల్లో శత్రువు వంశావళి చెప్పడం సంప్రదాయం. చెబుతాను. తొమ్మిది సంవత్సరాలు కాడి మోసి, మోకాటిలోతు బురదలో నాగలి ఈడ్చి, వయసుడిగి సంతకొచ్చిన ఒక ఎర్రెద్దు వెనకకాలి మడమ దగ్గర, పిక్కకండకూ గిట్ట ఎముకకూ మధ్య, తెల్లటి తాడులా సాగి, పట్టుదారంలా మెరుస్తూ, ఏ పనీ చెయ్యనట్టు కనబడుతూ సమస్తభారాన్నీ మోసిన స్నాయువు అతగాడు. కొబ్బరిపాలలో పసుపు, అల్లం, మిరప, నిమ్మగడ్డి వేసి సన్నసెగ మీద పూటంతా ఉడికిస్తే ఆ కాలి నరాలే తుంజాంగ్ కూర అవుతాయి. అస్నిమార్ తుంజాంగ్‌కు నాలుగు ఊళ్ళలో పేరుంది.

గురువారం నాడే మన వీరుడు ఈ శత్రువు గుట్టుమట్లు నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ విప్పాడు. "కండ లాగుతుంది, ఎముక కదులుతుంది. ఆ లాగుడును కండ నుంచి ఎముక దాకా మోసుకెళ్ళేదెవరు? సంయోజక కణజాలం. కీళ్ళలో మెత్తగా ఉండి ఒరిపిడి ఆపేదీ, చర్మాన్ని ఒంటికి అంటిపెట్టేదీ, ఎముక నుంచి ఎముక ఊడిపోకుండా కట్టేదీ ఈ కుటుంబమే. మీ ఒళ్ళు మూట కట్టినట్టు ఒక్కచోట ఉందంటే ఇదే కారణం," అన్నాడు. అంతటితో ఆగక, "నీళ్ళలో నాలుగైదు గంటలు సన్నగా ఉడికితే ఈ మహాబలుడు కరిగి జిగురవుతాడు," అని కూడా చెప్పాడు. శత్రువు మర్మం తెలిసిన వీరుడే. కానీ అల్లుడికి వంటింటి గడప లక్ష్మణరేఖ. మర్మం తెలిసి ఏం లాభం, పొయ్యి అత్తగారిది.

విందు మొదలైంది. అందరికీ పెద్ద కుండలోంచి వడ్డన జరుగుతుండగా అస్నిమార్ స్వయంగా ఒక చిన్న గిన్నెతో వంటింట్లోంచి వచ్చి, అల్లుడి అన్నం మీద ఒక ముక్క పెట్టింది.

"పెద్దది ఏరి పెట్టాను సుతాన్. మొహమాటపడకండి."

"మీ చేతిది చిన్నదైనా పెద్దదే అమాక్," అన్నాడు అతను, అత్తగారిని అమ్మ వరసలోనే పిలుస్తూ, రాబోయే విపత్తు తెలిసినవాడిలా కొద్దిగా కళ్ళు మూసి. తెలిసినవాడే మరి. ఏడాదిన్నరగా పండుగ పండుగకూ ఈ ముక్క వస్తూనే ఉంది, ఇతను ఎంతోసేపు నమిలి, చివరికి ఎవరూ చూడకుండా దొడ్డిదారిన దాన్ని పంపిస్తూనే ఉన్నాడు. కానీ ఇంత పెద్దది ఎన్నడూ రాలేదు.

నోట్లో పెట్టుకున్నాడు. ముందువరస పళ్ళ పదాతిదళం 'కొట్టండి' అన్న ఆజ్ఞతో దూకి, కొట్టి, దూకినంత వేగంగానే వెనక్కి వచ్చింది. కోరల అశ్వసైన్యం పక్కనుంచి చుట్టుముట్టి, జారి, చెంపకు గుద్దుకుంది. అప్పుడిక వెనకటి దంతాల గజబలాన్ని రంగంలోకి దించాడు. అవి తొక్కాయి, నలిపాయి, మర్దించాయి, చెవుల దాకా కణతల దాకా యుద్ధధ్వని వినబడేట్టు ఘీంకరించాయి. ముక్క వంగింది, సాగింది, తిరిగి తన రూపానికి వచ్చింది. ఆ క్షణాన, పసుపుపచ్చని పులుసులో స్నానమాడి మెరుస్తున్న ఆ స్నాయువీరుడు లోపలి నుంచి ఇట్లా గర్జించినట్టు అతనికి తోచింది:

"ఓరీ ఉపాధ్యాయా, నేను కండను కాను, నలుగుటకు. ఎముకను కాను, విరుగుటకు. ఒకదానినొకటి ఎరుగని ఆ రెండింటి నడుమ నిలిచి తొమ్మిది వర్షములు నాగలి నీడ్చినవాడను. పంకములో దిగబడిన గిట్టను పైకి తీసినది ఎవడు? గట్టెక్కునప్పుడు పిక్క యొక్క బలమును మడమకు చేర్చినది ఎవడు? కీర్తి కండకు దక్కెను, నిలకడ ఎముకకు దక్కెను, నాకు దక్కినది లాగుడు మాత్రమే. అట్టి నన్ను నీ పాలబువ్వ దవడలా గెలుచునది?"

బదులు చెప్పడానికి వీరుడికి నోరు ఖాళీ లేదు.

ఇంతలో అవతలి వరసలో మేనమామ దాతుక్, నోట్లో మూడే పళ్ళు మిగిలిన ఆ వృద్ధపితామహుడు, మూడో ముక్క అందుకుంటూ అన్నాడు: "అబ్బ, నోట్లో పెట్టానో లేదో, లేదు. అస్నిమార్ చేతిలో పడితే ఎద్దు కూడా వెన్నే."

"నిజం. నాలుకతో నొక్కితే చాలు," అంది ఒక పెద్దావిడ.

వీరుడి కళ్ళు చెమర్చాయి. ఎంతటి మర్యాద, ఎంతటి సంస్కారం. రాయిలాంటి కూరను మింగుతూ, గృహిణి మనసు నొచ్చుకోకూడదని అందరూ కలిసి వెన్న అంటున్నారు. మూడు పళ్ళ ముసలాయన చెక్కుచెదరకుండా మూడు ముక్కలు జయించాడే, ముప్పైరెండు పళ్ళున్న తాను ఒక్కదాని దగ్గర నిలబడిపోయాడే. ఇంతమంది కాపాడుతున్న అత్తగారి పరువును తానొక్కడూ ఉమ్మి పాడుచేస్తాడా? ఉమ్మకూడదు. ఎట్టి పరిస్థితిలోనూ ఉమ్మకూడదు. అలాగని అమాంతం మింగితే గొంతులో అడ్డం పడి, కూతురి తొలి పండుగనాడే పోతాడు.

"ఏంట్రా యుస్, మింగడం మర్చిపోయావా?" ఎదుటి వరస నుంచి అక్క సఫ్నివార్ బాణం వేసింది. "మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కుండ కడుక్కునే పని లేకుండా తినేవాడివి."

"ఊఁ," అన్నాడు వీరుడు.

"ఊఁ ఏంటి? ఆ చెంపేంటి అలా ఉబ్బింది, పన్నునొప్పా?"

"ఊహూఁ."

"సుతాన్ ఉపన్యాసం తలుచుకుంటున్నారు ఉనీ," అంది అతని భార్య రెఫ్నీ, బిడ్డను భుజాన వేసుకొని జోకొడుతూ. "పొద్దుట్నుంచీ అంతే, గోడతో మాట్లాడుతున్నారు."

"గోడ నయం. మా మామయ్య గోడ కాదు, వదలడు," అంది అక్క, మళ్ళీ ముద్ద కలుపుకుంటూ. ఆమె కళ్ళు మాత్రం తమ్ముడి చెంప మీదే ఉన్నాయి. ఆ కళ్ళు చూసినది సాయంత్రానికి ఊరు చూస్తుంది. చిన్నప్పటి నుంచీ అనుభవం.

అప్పుడు చాపల అంచున ఆశాకిరణంలా చారల పిల్లి బేలాంగ్ ప్రత్యక్షమైంది. వీరుడు అక్క తల వంచిన నిమిషం చూసి, ముక్క నుంచి పళ్ళెంలోకి ఊడి పడిన ఒక పోగును వేలితో చాప కిందకు జరిపాడు. ముందు దూతను పంపి సంధి కుదిరితే తరువాత రాజును పంపుదామని ఆలోచన. బేలాంగ్ వచ్చింది. వాసన చూసింది. ఒకసారి కొరికింది. తల ఎత్తి, వీరుడి ముఖంలోకి జాలిగా చూసి, దాతుక్ పళ్ళెం వైపు నడిచి వెళ్ళిపోయింది.

సరిగ్గా ఆ సమయంలోనే దాతుక్ చేతులు కడుక్కొని, గొంతు సవరించుకున్నాడు. సభ నిశ్శబ్దమైంది.

"ఓ సుతాన్ పర్మాతో, గృహప్రతినిధీ," అని ఆయన ఆరంభించాడు, తన ఒళ్ళో పెరిగిన మేనల్లుణ్ణి ఎన్నడూ చూడనివాడిలా. "వాన కురిస్తే గొడుగై, ఎండ కాస్తే నీడై నిలిచిన ఈ గృహమునకు మేము దూరమునుండి వచ్చితిమి. పరచిన చాపపై కూర్చుంటిమి, పోసిన నీరు త్రాగితిమి, పెట్టినది భుజించితిమి. పక్షి యెంత యెగిరినను గూటిని తలచును. ఏరు యెంత పారినను సంద్రమును వెదకును..."

సభలో తక్కిన నలభైమందీ ఆ ఉపన్యాసం త్వరగా ముగియాలని కోరుకున్నారు. ఒక్క మానవుడు మాత్రం అది సంధ్య దాకా సాగాలని మనసారా ప్రార్థించాడు. ప్రతి సామెతకూ గంభీరంగా తల ఊపుతూ, ఊపిన ప్రతిసారీ ఒక నములు నమిలాడు. పక్షికి మూడు నములులు, ఏటికి నాలుగు, గొడుగు మళ్ళీ వచ్చినప్పుడు ఏకంగా ఏడు. శత్రువు అలిసిపోతున్న సూచనలు కనిపించాయి. పోగులు విడివడుతున్నాయి. ముక్క రెండుగా తెగింది. ఒక సగం కంఠమార్గాన, కన్నీళ్ళతో, వీరస్వర్గానికి వెళ్ళిపోయింది.

ఆ సమయంలో దాతుక్ ద్రోహం చేశాడు. ఎప్పుడూ పావుగంట తగ్గకుండా మాట్లాడే మనిషి, మూడు ముక్కల భారం వల్లనో ఏమో, ఆవులింత ఆపుకుంటూ, "మా మాట ఇంతే. సెలవు అడుగుతున్నాము," అని ముగించేశాడు.

నలభై జతల కళ్ళు వీరుడి వైపు తిరిగాయి. వంటింటి గుమ్మంలో అస్నిమార్ కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

ఇక్కడే మన వీరుడికి పూర్వీకుల వివేకం తోడైంది. మాట అందుకున్నవాడు వెంటనే బదులివ్వడం ఆ సీమలో తొందరపాటు కింద లెక్క. ముందు 'ఇంటివాళ్ళతో ఆలోచించుకుంటాను, గడువివ్వండి' అనాలి, పక్కవాళ్ళతో గుసగుసలాడాలి, అప్పుడు బదులివ్వాలి. కానీ గడువు అడగడానికి కూడా నోరు తెరవాలి కదా. మిగిలిన సగాన్ని ఎడమచెంప గుహలో బంధించి, నాలుకను ద్వారపాలకుడిగా నిలిపి, కుడివైపు నుంచి మాత్రమే గాలి విడుస్తూ పలికాడు:

"దాతుక్ మాట వింటిమి. గడువు... వేడెదము."

ఆ గొంతులో పలికిన బరువుకు సభ చలించిపోయింది. "ఎంత నిండుగా ఉందో చూడు గొంతు," అని ఒక ముసలమ్మ పక్కావిడ చెవిలో అంది. వీరుడు భార్య వైపు ఒరిగి, సంప్రదింపుల నెపంతో చెయ్యి అడ్డం పెట్టుకొని, మహోగ్రంగా నమిలాడు.

"ఏం చెప్పాలో మర్చిపోయావా ఉడా?" అంది రెఫ్నీ గుసగుసగా, మొగుణ్ణి పిలిచే ముద్దుపిలుపుతో.

నములుడు.

"పిల్లి సామెతతో మొదలెట్టు, బాగుంటుంది."

నములుడు, నములుడు, గుటక. ఒక్క క్షణం అతని కళ్ళ ముందు మరాపి పర్వతం, నల్లబల్ల, ఎర్రెద్దు, కూతురి ముఖం వరసగా కదిలి పోయాయి. తరువాత దారి తెరుచుకుంది. గాలి వచ్చింది. నోట్లో నాలుక ఒంటరిగా, స్వతంత్రంగా, సార్వభౌమంగా నిలిచింది.

అతను నేర్చుకున్న సామెతలన్నీ ఆ ముక్కతోపాటే కడుపులోకి వెళ్ళిపోయాయి. మిగిలింది గురువారం పాఠం ఒక్కటే. దాన్నే అందుకున్నాడు.

"దాతుక్, పెద్దలారా. కండ ఒక ఇంట పుట్టును, ఎముక ఇంకొక ఇంట పుట్టును. కండకు బలము గలదు, ఒంటరిగా కుప్పకూలును. ఎముకకు నిలకడ గలదు, ఒంటరిగా కదలలేదు. నడుమ నొక తెల్లని పోగు ఉండును. దానికి పేరు లేదు, పొగడ్త లేదు. రెండువైపులా లాగబడుటయే దాని బ్రతుకు. అది తెగనంత కాలము ఎద్దు నడచును. నేటి ఉదయము ఏటిలో స్నానమాడిన పసిది మీ ఇంటికిని ఈ ఇంటికిని నడుమ అటువంటి పోగు. అది లాగినప్పుడెల్ల మీరు రావలెను. ఈ మాట మీద సెలవు."

లేవబోయిన దాతుక్ మళ్ళీ కూర్చున్నాడు. తల పంకించి, "వీడికి ఇది నేను నేర్పలేదు," అన్నాడు. ఆ సీమలో దానికి మించిన బిరుదు లేదు. అక్క సఫ్నివార్ చేతి రుమాలు కళ్ళకు అద్దుకొని, వెంటనే తేరుకొని, "చెంప వాపు తగ్గింది," అంది.

అతిథులు దిగి వెళ్ళారు. వీరుడు స్తంభానికి చేరగిలబడి, తడి రుమాలు దవడకు ఆనించుకున్నాడు. అప్పుడు అస్నిమార్ నవ్వు ఆపుకోలేని ముఖంతో, అదే చిన్న గిన్నెతో వచ్చింది.

"ఇవాళ మీ మాటతో ఇల్లు నిలబడింది సుతాన్. ఇంకొకటి మీకోసమే దాచాను." ఇందాకటి దానికంటే పెద్దదాన్ని పళ్ళెంలో పెట్టి, లోపలికి వెళ్ళింది.

వీరుడు దానివైపు చూశాడు. అది వీరుడివైపు చూసింది.

"రెఫ్నీ," అన్నాడు మెల్లగా. "వచ్చినవాళ్ళంతా ఎంత మంచివాళ్ళు. ఇంత గట్టి కూర తిని ఒక్కళ్ళూ నోరు విప్పలేదు."

"గట్టేంటి? పెద్ద కుండలోది గరిటె తగిలితే విడిపోయింది. గట్టిది నీ ఒక్కడిదే."

"నా ఒక్కడిదే ఎందుకు?"

"నువ్వే కదా అడిగావు. పెళ్ళయిన కొత్తలో, మొదటి భోజనం నాడు. కట్టెలు తడిసి ఆ రోజు కూర సరిగ్గా ఉడకలేదు. అమాక్ సిగ్గుతో చచ్చిపోతుంటే నువ్వేమన్నావు? కరిగిపోయే తుంజాంగ్ పళ్ళు లేనివాళ్ళకి, ఇలా పంటికి పని చెప్పేదే మగాడి కూర అన్నావు. అప్పట్నుంచీ నీకు వేరే కుండ." రెఫ్నీ బిడ్డను ఊయల్లో వేస్తూ నవ్వింది. "నాకు నిజంగానే ఇష్టమనుకున్నాను ఉడా. ప్రతిసారీ అంతసేపు ఆస్వాదిస్తుంటే."

ఏడాదిన్నర యుద్ధం. శత్రువును పిలిచింది తానే, కోటద్వారం తెరిచింది తానే. అత్తగారితో కూర ఉడకలేదని సూటిగా అనకూడదు గనుక ఆనాడు వాలుగా ఒక మర్యాద విసిరాడు. విసిరిన మర్యాద తిరిగొచ్చి, పండుగ పండుగకూ అతని దవడ మీదే పడుతోంది.

"వెళ్ళి చెప్పు మీ అమ్మకి."

"నేనా? అల్లుడు అబద్ధమాడాడని చెప్పనా? నీ నోరే కదా ఇవాళ ఇంటి నోరు."

వాలుగా వేసిన ముడిని వాలుగానే విప్పాలి. సాయంత్రపు ప్రార్థనకు ముందు, అస్నిమార్ కిటికీ దగ్గర తమలపాకులు తుడుస్తూ ఉండగా, వీరుడు ఊయల పక్కన కూర్చొని కూతురితో మాట్లాడడం మొదలుపెట్టాడు.

"తల్లీ, నీకింకా పళ్ళు రాలేదు. మీ నాన్నకేమో ఉన్నవి కదులుతున్నాయి. మొన్న బడిలో జామకాయ కొరికితే ఒకటి ఊగింది. ఇక మనిద్దరం ఒకే రకం తిండి తినాలేమో."

అస్నిమార్ ఆకు తుడవడం ఆపింది. అల్లుడి వైపు చూడలేదు. ఇద్దరి మధ్యా చాప మీద ఒళ్ళు నాక్కుంటున్న పిల్లి వైపు చూసింది.

"విన్నావా బేలాంగ్," అంది. "నాకు తెలిసిన ఒకావిడ ఉంది. ఏడాదిన్నరగా ఆవిడకి రెండు కుండలు, రెండు పొయ్యిలు. పెద్ద కుండ సంగతి సరే, అదే ఉడుకుతుంది. చిన్న కుండకి కాపలా కాయాలి. ఎక్కడ మెత్తబడిపోతుందోనని భయం. సరిగ్గా గట్టిగా ఉండగా దించాలంటే కొరికి చూడాలి కదా మరి. ఆవిడవి కట్టుడు పళ్ళు. రెండుసార్లు విరిగాయి. పాపం, ఎవరికీ చెప్పుకోలేదు."

వీరుడు ఊయల ఆపాడు.

"బేలాంగ్," అన్నాడు, "ఆవిడకి చెప్పు. ఆ చిన్న కుండ బోర్లించెయ్యమని ఎవరో అన్నారని."

"చెప్తుందిలే," అంది అస్నిమార్. లేచి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యిలో కట్టె పడిన చప్పుడు, మూత తీసిన చప్పుడు, లోపల ఆమె ఒక్కతే నవ్వుకుంటున్న చప్పుడు వినిపించాయి.

వెలుగు ఇంకా ఉండగానే, పెద్ద కుండ అడుగున మిగిలిన కూర వేడెక్కి, ఒక పళ్ళెంలో వీరుడి ముందుకు వచ్చింది. అన్నం మీద ఒకే ముక్క. బొటనవేలంత. ఊపిరి తగిలితే వణుకుతోంది, దీపంలా మెరుస్తోంది. కాడి దింపిన ఎద్దులా, తొమ్మిదేళ్ళ లాగుడంతా వదిలేసి మెత్తబడి కూర్చుంది. అతను దాన్ని నాలుక మీద పెట్టుకున్నాడు. పదాతిదళం కదలలేదు, అశ్వసైన్యం సకిలించలేదు, ఏనుగులు నిద్రపోతున్నాయి. ముక్క తనంతట తానే వెళ్ళిపోయింది.

"ఎలా ఉంది సుతాన్?" అంది అత్తగారు, ఈసారి పిల్లి వైపు కాక అతని వైపే చూస్తూ.

"మెత్తగా ఉంది అమాక్," అన్నాడు అతను, మొదటిసారి సూటిగా.

వినండి జనులారా, మరాపి పాదసీమలో దిక్కులు మారుమోగేట్టు చాటుతున్నాను: అష్టమతరగతి బోధనాధురంధరుడు, గురువారపాఠ విజేత సుతాన్ పర్మాతో, పద్దెనిమిది నెలల ఘోరయుద్ధం తరువాత, బొటనవేలంత తుంజాంగ్ ముక్కను నమలకుండా తిన్నాడు. చిన్న కుండ కడిగి, పెరటి కంచె మీద బోర్లించారు. ఈ గాథ విన్నవారి పొయ్యి ఆరకుండు గాక, చదివినవారి పళ్ళు ఊగకుండు గాక, మొహమాటానికి కూర మెచ్చుకున్నవారికి ఆ కూర రెండోసారి వడ్డింపబడకుండు గాక.